ఇంటి పన్ను లెక్కను మీరే సరిచూసుకోవడం ఎలా: విజయవాడ, గుంటూరు ఇంటి యజమానులకు

ఏప్రిల్‌లో ఇంటి పన్ను నోటీసు అందగానే మనలో చాలామంది నిరుడు ఎంత కట్టామో వెతికి, ఈసారి ఎంత పెరిగిందో చూసి, నిట్టూర్చి కట్టేస్తాం. పెరుగుదల ఏడాదికి పెట్టిన 15 శాతం హద్దుకు లోబడి ఉంటే నోటీసు సవ్యంగానే ఉందని నమ్ముతాం. ఆ నమ్మకానికి ఆధారం లేదు. నోటీసు మీద కనిపించే మొత్తం వేరు, ఆ మొత్తం ఏటేటా పెరుగుతూ చేరుకోవలసిన అసలు పన్ను వేరు. రెండోదాన్ని చాలామంది ఎన్నడూ చూడరు. కొలతల్లో, వాడకంలో, కట్టడం తీరులో దొర్లే తప్పులన్నీ అక్కడే ఉంటాయి. అవి మన జేబు దాకా రావడానికి మూడు నాలుగేళ్లు పట్టవచ్చు, అప్పటికి వాటిని సరిచేయించుకోవడం మరింత కష్టమవుతుంది. అందుచేత పన్ను ఎంత అన్న ప్రశ్న కన్నా ముందు, మన ఇల్లు రికార్డులో ఎలా నమోదైంది అన్న ప్రశ్న వేసుకోవాలి.

ఇక్కడ చెబుతున్నది విజయవాడ, గుంటూరు నగరపాలక సంస్థల పరిధిలోని ఇళ్లకు, దుకాణాలకు వర్తించే పద్ధతి. చుట్టుపక్కల పంచాయతీల్లో ఇంటి పన్నుకు వేరే చట్టం ఉంది, దాని జోలికి పోవడం లేదు.

అద్దె విలువ పోయి మూలధన విలువ వచ్చింది

2021 మార్చి వరకు ఆస్తి పన్నుకు ఆధారం వార్షిక అద్దె విలువ. మీ ఇంటికి నిజంగా ఎంత అద్దె వస్తోందన్నది అందులోనూ నేరుగా లెక్కకు వచ్చేది కాదు. నగరాన్ని జోన్లుగా విడదీసి, ఒక్కో జోన్‌లో శ్లాబు ఇంటికి, మద్రాసు టెర్రసుకు, పెంకుటింటికి, రేకుల ఇంటికి విడివిడిగా ఒక నెలసరి అద్దె రేటు నిర్ణయించి, దాన్ని విస్తీర్ణంతో హెచ్చవేసి ఏడాది విలువ కట్టేవారు. అందులో మూడింట ఒక వంతు స్థలానిది, రెండు వంతులు కట్టడానిది అని భావించి, కట్టడం వాటాలోంచి 25 ఏళ్ల లోపు ఇంటికి 10 శాతం, 25 నుంచి 40 ఏళ్ల ఇంటికి 20 శాతం, అంతకన్నా పాతదానికి 30 శాతం తరుగు తీసేవారు.

2020లో మున్సిపల్ చట్టాలను సవరించారు. ఆ ఏడాది నవంబరులో వెలువడిన 198వ నంబరు జీవోతో నిబంధనలు వచ్చాయి, 2021 ఏప్రిల్ 1 నుంచి పన్నుకు ఆధారం మూలధన విలువ అయింది. నివాస గృహాలకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం వరకు, నివాసేతర కట్టడాలకు 0.20 నుంచి 2 శాతం వరకు ఏడాది పన్ను విధించవచ్చునని హద్దులు పెట్టారు. ఆ హద్దుల నడుమ అసలు రేటును స్థానిక సంస్థ తీర్మానించుకుంటుంది గనుక విజయవాడలో ఉన్న బంధువుల రేటు చూసి గుంటూరులో మన పన్ను తప్పని వాదించడం కుదరదు. 375 చదరపు అడుగులకు మించని నివాస గృహానికి మాత్రం ఈ లెక్కలేవీ లేకుండా ఏడాదికి 50 రూపాయలు. మీ ఇల్లు ఆ కొలతకు దగ్గరగా, 380 అనో 390 అనో నమోదై ఉంటే, మిగతా పనులు పక్కనపెట్టి ముందు టేపు తీయండి.

స్థలం విలువ ఎక్కడి నుంచి వస్తుంది

మూలధన విలువ అంటే స్థలం విలువ, కట్టడం విలువ కలిపిన మొత్తం. ఇందులో స్థలం విలువను పురపాలక సిబ్బంది తమ అంచనాతో వేయరు. రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ నిర్ణయించిన మార్కెట్ విలువనే తీసుకుంటారు. స్థలం అమ్మేటప్పుడు, కొనేటప్పుడు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో స్టాంపు డ్యూటీకి ఆధారమయ్యే విలువ ఇదే. బ్రోకరు చెప్పే ధరకు, పక్కింటివారు నిరుడు అమ్ముకున్న ధరకు ఇక్కడ చోటు లేదు. పట్టణాల్లో ఈ విలువలు డోరు నంబర్ల వారీగా చదరపు గజానికి ఇంత అని ఉంటాయి. ఆ శాఖ వెబ్‌సైటులో యూనిట్ రేట్లు అన్న చోట జిల్లా, ఊరు, వార్డు, బ్లాకు ఎంచుకుంటే పట్టిక తెరుచుకుంటుంది. ఆన్‌లైన్ వద్దనుకుంటే విజయవాడలో పటమట, గుణదల, గాంధీనగర్ వంటి సబ్ రిజిస్ట్రారు కార్యాలయాల్లోనూ, గుంటూరులో కొరిటెపాడు, నల్లపాడు కార్యాలయాల్లోనూ, మీ ప్రాంతం దేని పరిధిలోకి వస్తే అక్కడ, మార్కెట్ విలువ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు.

పట్టికలో మన ఇంటిని పట్టుకోవడం మాత్రం అనుకున్నంత సులభం కాదు. విజయవాడలో డోరు నంబరు మూడు ముక్కలుగా ఉంటుంది. మొదటిది వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. మొదటి రెండూ సరిగా ఉంటేనే సరైన పట్టిక వస్తుంది. గుంటూరులో ఇంకో చిక్కు ఉంది. బ్రాడీపేట, అరండల్‌పేట వాళ్లను ఇల్లెక్కడని అడిగితే నాలుగు బై పద్నాలుగు అని చెబుతారు, అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఆటో ఎక్కడానికి ఆ చిరునామా చాలు గానీ విలువల పట్టికలో అది దొరకదు. పాత పన్ను రసీదు మీద ఉన్న డోరు నంబరునే వాడాలి. 2012లో గుంటూరు నగరంలో కలిసిన గోరంట్ల, నల్లపాడు, పెదపలకలూరు, అడవితక్కెళ్లపాడు, ఏటుకూరు వంటి గ్రామాల్లో ఇళ్లున్నవారు సర్వే నంబరు కూడా దగ్గర పెట్టుకుని, తమ స్థలానికి ఏ పట్టికలోని విలువ తీసుకున్నారో అడిగి తెలుసుకోవడం మంచిది.

ఒకే వీధిలో రోడ్డు ముఖం ఉన్న స్థలానికి ఒక విలువ, లోపలి సందులోని స్థలానికి మరో విలువ ఉండడం మామూలే. పటమటలోనో సత్యనారాయణపురంలోనో ఒకే పెద్ద స్థలాన్ని అన్నదమ్ములు పంచుకున్నప్పుడు, ముందు వాటా రోడ్డు మీద, వెనక వాటా ఆరడుగుల నడవ చివర ఉంటాయి. రికార్డులో రెండింటికీ రోడ్డు మీది విలువే పడి ఉండవచ్చు. పంపకాల దస్తావేజులోని హద్దుల పేరా చూపించి వెనక వాటావారు ప్రశ్నించాల్సిన చోటు ఇది. ఆ దస్తావేజు రిజిస్టరు కాకపోతే ఈ వాదన నిలవడం కష్టం.

విలువలు ఎల్లకాలం ఒక్కలా ఉండవు. రాష్ట్రంలో 2025 ఫిబ్రవరి 1 నుంచి రిజిస్ట్రేషన్ విలువలను సవరించారు. అందువల్ల మీ అసెస్‌మెంటులో, అంటే నగరపాలక సంస్థ వేసిన పన్ను లెక్కలో, ఏ తేదీ నాటి విలువను తీసుకున్నారన్నది తప్పక అడగవలసిన ప్రశ్న. మీరు ఇవాళ వెబ్‌సైటులో చూసిన రేటుకు, వాళ్ల లెక్కలోని రేటుకు తేడా వస్తే దానికి కారణం పొరపాటు కావచ్చు, తేదీ కూడా కావచ్చు. ఈ సంగతి తెలియకుండా కౌంటరు ముందు గొంతు పెంచితే ఒక పూట వృథా అవుతుంది, ఒరిగేదేమీ ఉండదు.

కట్టడం విలువ: విస్తీర్ణం, తీరు, వయసు

కట్టడం విలువకు మూడు సంగతులు కావాలి. ప్లింత్ ఏరియా ఎంత, కట్టడం ఏ తరగతిది, దాని వయసెంత. ప్లింత్ ఏరియాను తరగతికి నిర్ణయించిన చదరపు అడుగు రేటుతో హెచ్చవేసి, వయసును బట్టి తరుగు తీసివేస్తారు.

ఈ మూడింటిలో గొడవ ఎక్కువగా విస్తీర్ణం దగ్గరే వస్తుంది. ప్లింత్ ఏరియా అంటే బయటి గోడల వెలుపలి అంచు నుంచి వెలుపలి అంచు దాకా, గోడ మందంతో సహా కొలిచిన విస్తీర్ణం. గదుల లోపలి కొలతలు కూడితే వచ్చేది కార్పెట్ ఏరియా, అది ఎప్పుడూ తక్కువే ఉంటుంది. అపార్టుమెంటు కరపత్రంలో మెట్లు, లిఫ్టు, నడవలు కలిపి చెప్పేది సూపర్ బిల్టప్ ఏరియా, అది ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. పన్నుకు ఈ రెండూ పనికిరావు.

మా ఇంటి సంగతి చెబితే ఇది తేటపడుతుంది. రికార్డులో మా ఇల్లు కింద 1,044, పైన 1,044, మొత్తం 2,088 చదరపు అడుగులుగా ఉంది. కింద సరిగానే ఉంది. పైన వెనక సగం ఖాళీ డాబా. బట్టలారేసుకోవడానికీ, ఎండాకాలం వడియాలు పెట్టుకోవడానికీ తప్ప అక్కడ ఒక్క ఇటుక లేదు. కొలవడానికి వచ్చినవారు వీధిలో నిలబడి చూస్తే పై అంతస్తు ముందు భాగం కింది దానితో సమానంగానే కనిపిస్తుంది గనుక, కింది కొలతనే పైకి ఎక్కించి వెళ్లిపోయారు. ఈ సంగతి ఏళ్ల తరబడి మేమూ గమనించలేదు.

సరిచూద్దామని ఒక ఆదివారం యాభై అడుగుల టేపు తెచ్చి, ఒక కొస తులసికోట పక్క మూలన మా అబ్బాయి చేత పట్టించి వెనక మూల దాకా లాగాను. పొడవు 36 అడుగులు తేలింది. వెడల్పు బయటి నుంచి కొలవడానికి వీలు కాలేదు, వెనకవైపు నీళ్ల ట్యాంకు, బాత్రూము గోడ అడ్డం వచ్చాయి. అప్పుడు లోపలే గోడ నుంచి గోడకు కొలిస్తే 27 అడుగుల 6 అంగుళాలు వచ్చింది. రెండు పక్కలా తొమ్మిది అంగుళాల గోడలు కలిపితే 29 అడుగులు. 29 ని 36 తో హెచ్చవేస్తే 1,044. పైన కట్టడం 18 అడుగుల లోతు వరకే ఉంది కాబట్టి 522. మొత్తం 1,566. రికార్డుకూ నిజానికీ తేడా 522 చదరపు అడుగులు, అంటే ఒక చిన్న కుటుంబం కాపురం ఉండగలిగినంత చోటు. ఇలా కొలిచేటప్పుడు లోపలి గోడల మధ్య దూరాలు విడివిడిగా కూడి తికమకపడేకన్నా, ఒక కాగితం మీద ఇంటి ఆకారం గీసి, ప్రతి పక్కనా బయటి కొలత వేసుకోవడం తేలిక. ఆ కాగితమే తరువాత అర్జీకి జతపరచడానికి పనికొస్తుంది.

తరగతి విషయంలో శ్లాబుకు, రేకులకు, పెంకుకు రేట్లు వేరు. పిల్లల కోసం మేడ మీద వేసిన సిమెంటు రేకుల గది శ్లాబుగా నమోదైపోవడం అరుదేమీ కాదు. వయసు విషయంలో ఇంటి ప్లాను మంజూరు పత్రం, మొదటి కరెంటు బిల్లు, అన్నిటికన్నా పాత పన్ను రసీదు సాక్ష్యాలుగా ఉపయోగపడతాయి. పాత ఇంటి మీద కొత్త అంతస్తు లేపినప్పుడు ఇల్లంతా కొత్తదిగా నమోదైతే, కింది అంతస్తుకు రావలసిన తరుగు పోతుంది. అంతస్తుల వారీగా వయసు వేయమని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

ఒక ఇంటి లెక్క, దానిమీద 15 శాతం తెర

అంకెలు వేసి చూద్దాం. ఇక్కడి రేట్లన్నీ లెక్క అర్థం కావడానికి నేను అనుకున్నవే. మీ రేట్లు మీ అసెస్‌మెంటులోంచి తీసుకోవాలి. స్థలం 150 గజాలు, గజం విలువ 30,000 రూపాయలు అనుకుంటే స్థలం విలువ 45 లక్షలు. కట్టడం 1,200 చదరపు అడుగులు, అడుగు రేటు 1,200 రూపాయలు అనుకుంటే 14 లక్షల 40 వేలు. వయసుకు 10 శాతం తరుగు పోతే 12 లక్షల 96 వేలు. రెండూ కలిపి మూలధన విలువ 57 లక్షల 96 వేలు. నివాస రేటు 0.12 శాతం అనుకుంటే ఏడాది పన్ను 6,955 రూపాయలు.

ఇదే ఇంటికి పాత పద్ధతిలో ఏడాదికి 4,000 కడుతున్నారనుకుందాం. ఒక్కసారిగా 6,955 అడగరు. పాత పన్ను మీద పెంపు ఏడాదికి 15 శాతం మించకూడదన్న నియమం ఉంది. అందుచేత మొదటి ఏడు 4,600, రెండో ఏడు 5,290, మూడో ఏడు 6,083 వస్తుంది. నాలుగో ఏడు 15 శాతం పెంచితే 6,996 అవుతుంది, అది అసలు పన్నును దాటుతుంది కాబట్టి 6,955 దగ్గర ఆగుతుంది. కొత్తగా కట్టిన ఇంటికి పాత పన్నంటూ ఉండదు గనుక ఈ మెట్లు ఉండవు, మొదటి ఏడే పూర్తి పన్ను పడుతుంది. పక్కపక్కనే ఒకే కొలతలున్న పాత ఇంటికీ కొత్త ఇంటికీ పన్నులో అంత తేడా ఎందుకని చాలామంది ఆశ్చర్యపోతుంటారు. కారణం ఇదే.

ఇప్పుడు ఈ ఇంట్లో ఒక తప్పు దొర్లించి చూడండి. 1,200 కు బదులు 1,500 అడుగులని రాశారనుకుందాం. మూలధన విలువ 61 లక్షల 20 వేలు, అసలు పన్ను 7,344 అవుతుంది. కానీ మొదటి మూడేళ్ల నోటీసులు ఎలా ఉంటాయి? 4,600, 5,290, 6,083. ఒక్క రూపాయి తేడా లేదు. నాలుగో ఏడు 6,996 వస్తుంది, సరైన పన్నుకన్నా 41 రూపాయలు ఎక్కువ, దాన్ని ఎవరూ పట్టించుకోరు. అయిదో ఏడు గానీ తప్పు మొత్తం బయటపడదు.

వాడకంలో తప్పు పడితే ఇంకా దారుణం. ఇదే ఇల్లు నివాసేతరంగా నమోదై, ఆ రేటు 0.25 శాతం అనుకుంటే అసలు పన్ను 14,490. ఏటా 15 శాతం మెట్లు ఎక్కుతూ ఎక్కుతూ పదో ఏటికి అక్కడికి చేరుతుంది. తొలి మూడేళ్ల నోటీసుల్లో ఇక్కడా అవే మూడు అంకెలు! యజమాని మాత్రం ప్రతి ఏడూ పెంపు 15 శాతమే కదా, అందరికీ ఇంతే కదా అనుకుంటూ ఉంటాడు. పెంపుకు పెట్టిన హద్దు మనకు మేలు చేసేదే, అందులో సందేహం లేదు. అయితే అది తప్పును కూడా తనతోపాటే దాచిపెడుతుంది. మధ్యలో రిజిస్ట్రేషన్ విలువలు పెరిగితే చేరవలసిన గమ్యం కూడా దూరం జరుగుతుంది, అప్పుడు ఎంత పెంపు విలువ వల్ల, ఎంత పెంపు తప్పు వల్ల వచ్చిందో విడదీయడం కష్టం.

కాబట్టి ఈ ఏటి నోటీసు మొత్తాన్ని చూసి సంతృప్తి పడకుండా అసెస్‌మెంటు వివరాల నకలు అడిగి తీసుకోండి. అందులో స్థలం విస్తీర్ణం, గజం విలువ, అంతస్తుల వారీ ప్లింత్ ఏరియా, కట్టడం తరగతి, వయసు, వాడకం, రేటు అన్నీ ఉండాలి. వార్డు సచివాలయంలో అడ్మిన్ కార్యదర్శి పన్ను వ్యవహారాలు చూస్తారు, మొదట అక్కడికే వెళ్లాలి. అక్కడ దొరక్కపోతే నగరపాలక సంస్థ రెవెన్యూ విభాగానికి 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు. సమాధానానికి గడువు 30 రోజులు.

వాడకం, ఖాళీ జాగా, అనుమతి లేని అంతస్తులు

ముందు గదిలో కిరాణా కొట్టు, వెనక కాపురం ఉన్న ఇళ్లు విజయవాడ వన్ టౌన్‌లో కోకొల్లలు. అలాంటి ఇంట్లో కొట్టు ఉన్నంత మేరకు నివాసేతర రేటు, మిగతాదానికి నివాస రేటు పడాలి. మొత్తం ఒకే రేటు పడితే గది కొలత వేసి చూపించి విడదీయమని కోరాలి. ఎదురు సంగతి కూడా చెప్పాలి. పిల్లల హాస్టలుకో ఆఫీసుకో అద్దెకిచ్చి, రికార్డులో నివాసంగానే కొనసాగిస్తున్నవారు తనిఖీలో దొరికితే వాడకం మారిన నాటి నుంచి తేడా కట్టవలసి వస్తుంది. హాస్టలు ఖాళీ అయి మళ్లీ కాపురం పెట్టినప్పుడు ఆ మార్పును రికార్డు చేయించుకోవలసిన బాధ్యత కూడా యజమానిదే. వాళ్లంతట వాళ్లు వచ్చి తగ్గించరు.

ఇంటి చుట్టూ ఉన్న ఖాళీ స్థలం విషయంలో మున్సిపల్ చట్టంలో ఒక కొలబద్ద ఉంది. కట్టడం ఉన్న చోటుతో కలిపి ప్లింత్ ఏరియాకు మూడు రెట్ల వరకు, లేదా 1,000 చదరపు మీటర్ల వరకు, వీటిలో ఏది తక్కువైతే అంతవరకు ఉన్న ఖాళీ జాగాను ఇంటికి చెందినదిగానే భావించాలి. అంతకు మించిన భాగానికే ఖాళీ స్థలం పన్ను వేయవచ్చు. పెద్ద ఆవరణలో చిన్న ఇల్లున్న పాతకాపు కుటుంబాలకు ఈ లెక్క ముఖ్యం, ఎందుకంటే ఒకే జాగాకు ఇంటితో కలిపి ఒకసారి, ఖాళీ స్థలంగా మరోసారి నోటీసు వచ్చే అవకాశం ఉంటుంది.

అనుమతి లేని కట్టడానికి పన్నుతోపాటు జరిమానా కూడా ఉంటుంది. అనుమతి ఉన్న అంతస్తుల్లో సెట్‌బ్యాకు (ఇంటి చుట్టూ వదలవలసిన ఖాళీ) ఉల్లంఘన 10 శాతం లోపైతే పన్నులో 25 శాతం, అంతకు మించితే 50 శాతం, అనుమతి లేని అంతస్తుకు లేదా అసలు ప్లానే లేని ఇంటికి 100 శాతం. ఇది ఏటా పన్నుతోపాటే వస్తుంటుంది. దీన్ని కట్టినంత మాత్రాన అంతస్తు క్రమబద్ధం కాదు. అలాగే పన్ను రసీదు మన పేరు మీద ఉన్నంత మాత్రాన అది హక్కు పత్రమూ కాదు. ఈ రెండు అపోహలూ మన ఊళ్లలో బాగా పాతుకుపోయి ఉన్నాయి.

అపార్టుమెంటువారు చూసుకోవలసింది మరొకటి ఉంది. స్థలం విలువ మీ ఫ్లాటుకు వచ్చే అవిభాజ్య వాటా గజాలకే పడాలి. ఆ గజాలు సేల్ డీడ్‌లోని షెడ్యూలులో రాసి ఉంటాయి. ఫ్లాట్లన్నింటి వాటాలు కూడితే మొత్తం స్థలంతో సరిపోవాలి. సరిపోకపోతే అపార్టుమెంటు సంఘం తరఫున అందరూ కలిసి ఒకే అర్జీ పెట్టడం మేలు.

సెకండ్ హ్యాండ్‌లో ఇల్లు కొన్నవారికి కూడా ఒక మాట. రిజిస్ట్రేషన్ తరువాత పన్ను రికార్డులో పేరు మారుతుంది గానీ కొలతలు మారవు. పాత యజమాని పట్టించుకోని తప్పులన్నీ కొత్త పేరు కింద అలాగే కొనసాగుతాయి. కొనే ముందు బకాయిలు లేవని చూసుకోవడంతో సరిపెట్టుకోకుండా, పన్ను రికార్డులోని ప్లింత్ ఏరియాను దస్తావేజుతో పోల్చి చూడాలి.

అభ్యంతరం రాయడం

కొత్తగా పన్ను విధించినా, ఉన్నదాన్ని మార్చినా స్పెషల్ నోటీసు ఇవ్వాలి. దాన్ని అందుకున్న తేదీని ఆ కాగితం మీదే రాసుకోండి, అభ్యంతరానికి గడువు ఆ తేదీ నుంచే మొదలవుతుంది. ఎన్ని రోజులన్నది నోటీసులోనే ఉంటుంది. ఈ అభ్యంతరాన్నే రివిజన్ పిటిషన్ అంటారు, దాన్ని కమిషనరుకు రాయాలి.

అర్జీలో పన్ను భారంగా ఉందనీ, పెన్షను మీద బతుకుతున్నామనీ రాస్తే దాన్ని చదివి పక్కన పెడతారు, ఎందుకంటే అందులో వారు సరిదిద్దగలిగింది ఏమీ లేదు. అసెస్‌మెంటు నంబరు, డోరు నంబరు రాసి, ఫలానా గడిలో రికార్డు ఇలా ఉంది, నిజం ఇలా ఉంది, ఆధారం ఇది అని మూడే ముక్కల్లో చెప్పాలి. మా అర్జీలో అసలు విషయం మూడు వాక్యాలే: “మొదటి అంతస్తు ప్లింత్ ఏరియా 1,044 చదరపు అడుగులుగా నమోదైంది. వెనక సగభాగం ఖాళీ డాబా అయినందున అసలు విస్తీర్ణం 522 చదరపు అడుగులు మాత్రమే. కొలతల చిత్రం, మంజూరైన ప్లాను నకలు, డాబా ఫొటో జతపరచడమైనది.” కొలతలు మళ్లీ తీసుకోవడానికి ఇన్‌స్పెక్టరు వచ్చే రోజున ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి, టేపు మీ దగ్గరా ఉండాలి. వారు రాసుకున్న అంకెలను అక్కడికక్కడే మీరూ రాసుకోండి.

అర్జీ ఇచ్చినప్పుడు రసీదు నంబరు తీసుకోకపోతే అర్జీ ఇవ్వనట్టే లెక్క. మా మొదటి అర్జీ అలాగే పోయింది. కౌంటరులో తీసుకుని, సరే చూస్తామన్నారు, నాలుగు నెలల తరువాత వెళితే అలాంటి కాగితమే లేదన్నారు. రెండోసారి ముద్ర వేయించి, తేదీ వేయించి తెచ్చుకున్నాక పని కదిలింది. స్పందన లేకపోతే సోమవారాల్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే రసీదు చూపించి మళ్లీ నమోదు చేయించుకోవచ్చు.

గడువులు

పన్ను అర్ధ సంవత్సరాల లెక్కన ఉంటుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా మొదటిది, అక్టోబరు నుంచి మార్చి దాకా రెండోది. మొదటిదానికి జూన్ 30, రెండోదానికి డిసెంబరు 31 ఆఖరు తేదీలు. ఆ తరువాత నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. ఏడాది మొత్తాన్ని ఏప్రిల్ 30 లోగా కడితే ఆ ఏటి పన్నులో 5 శాతం రాయితీ ఉంది. పై లెక్కలోని ఇంటికి అది 348 రూపాయలు. నోటీసులో పన్ను పక్కన కనిపించే లైబ్రరీ సెస్సు రూపాయికి 8 పైసలు. గ్రంథాలయోద్యమానికి 1914లో మహాసభ జరిపిన బెజవాడవాళ్లం, దాని మీద మాత్రం సణగకూడదు.

అర్జీ తేలలేదు కదా అని పన్ను ఆపవద్దు. ఆపిన నెలల వడ్డీని, మీ వాదనే గెలిచినా, సరైన పన్ను మేరకు మీ దగ్గరే వసూలు చేస్తారు. గడువులోగా ఉన్న మొత్తం కట్టేసి, అర్జీ పరిష్కారానికి లోబడి కడుతున్నానని ఒక చిన్న ఉత్తరం ఇచ్చి, దానికీ ముద్ర వేయించుకోండి. సవరణ అయ్యాక అదనంగా కట్టినది రాబోయే అర్ధ సంవత్సరాల పన్నులో సర్దుబాటు చేయమని రాతపూర్వకంగా అడగాలి. మాకు మూడు అర్ధ సంవత్సరాల తేడా అలాగే సర్దుబాటైంది. నాలుగోదానికి వచ్చిన నోటీసులో మొదటి అంతస్తు ఎదురుగా 522 అని ఉంది. టేపు కొస పట్టుకున్న మా అబ్బాయి దాన్ని ఫొటో తీసి దాచుకున్నాడు.